రోబో ఆపరేషన్ల రికార్డుల నుంచి, రోబో లేని ఊళ్లో ఉన్న సర్జన్ నేర్చుకోగలడా?

ప్రశ్న
(జనరల్ సర్జరీ పీజీ, రెండో సంవత్సరం, బరంపురం)

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది బరంపురంలోనే. చదువంతా ఒడియా, ఇంగ్లీషుల్లో సాగినా ఇంట్లో మాట తెలుగే కాబట్టి, నా మనసులో ఉన్నది తెలుగులో అడిగితేనే సరిగా చెప్పగలననిపించి ఇక్కడ రాస్తున్నాను.

మా ఆసుపత్రిలో రోబో లేదు. లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చేసే ఆపరేషన్) ఉంది. వారంలో రెండు రోజులు పిత్తాశయం ఆపరేషన్లు జరుగుతాయి, వాటిలో నా పని చాలావరకు కెమెరా పట్టుకోవడమే. కిందటి నెలలో విశాఖపట్నంలో ఒక వర్క్‌షాపుకు వెళ్లి, మొట్టమొదటిసారి రోబో కన్సోల్ (సర్జన్ కూర్చుని రోబో చేతులను నడిపే చోటు) సిమ్యులేటర్ ముందు కూర్చున్నాను. వంకరటింకర తీగ మీదుగా ఒక ఉంగరాన్ని, అది తీగకు తగలకుండా నడిపించే అభ్యాసం చేయించారు. పూర్తయ్యేసరికి తెర మీద ఒక పట్టిక వచ్చింది: ఎంతసేపు పట్టింది, రెండు చేతులూ కలిసి ఎంత దూరం కదిలాయి, పరికరాలు ఒకదానికొకటి ఎన్నిసార్లు తగిలాయి, పరికరం ఎన్నిసార్లు కంటిచూపు దాటిపోయింది. నా ఎడమ చేయి పదే పదే తెర అంచు దాటిపోతోందని ఆ పట్టిక చూసేదాకా నాకు తెలియదు. ఏడాదిన్నరగా నేను థియేటర్‌లో నిలబడుతున్నాను, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని మా సార్లకు లేక కాదు. ఒక కన్ను రోగి మీద పెట్టి, రెండో కంటితో నా ఎడమ చేతి కదలికలను లెక్కపెట్టడం ఏ మనిషికీ కుదిరే పని కాదు.

అప్పటి నుంచి నన్ను ఒకటే ఆలోచన పట్టుకుంది. రోబో మీద జరిగే ప్రతి ఆపరేషన్‌లోనూ సర్జన్ చేతి కదలికలన్నీ యంత్రంలో నమోదవుతాయని అంటున్నారు. అలా పోగైన సమాచారంతో ఆపరేషన్ జరుగుతుండగానే "ఇక్కడ కోయవద్దు, ఇటు కదలండి" అని దారి చూపించే ఏర్పాటు ఇప్పుడు ఎంతవరకు నిజం, ఎంతవరకు ప్రచారం? అదే సమాచారాన్ని నాలాంటి శిక్షణలో ఉన్నవారి చేతిని దిద్దడానికి వాడుకోవచ్చా? అన్నిటికన్నా ముఖ్యంగా, రోబో లేని మా ఆసుపత్రిలో ఉంటూ ఈ విషయం మీద థీసిస్ చేయాలనుకోవడం తెలివైన పనేనా, లేక అందని దానికి అర్రులు చాచడమా? ఈ పని దగ్గరగా చూసినవారు చెబితే కృతజ్ఞుడినై ఉంటాను.

జవాబు 1
(యూరాలజిస్టు, విశాఖపట్నం, సొంత ఊరు పర్లాకిమిడి)

డాక్టర్ గారూ, మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. మాది మీ పక్కనున్న గజపతి జిల్లా కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. ఆరేళ్లుగా రోబో మీద ప్రొస్టేట్, కిడ్నీ ఆపరేషన్లు చేస్తున్న అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా ఏమేమి నమోదవుతాయో చెబుతాను, ఎందుకంటే డేటా అనగానే చాలామంది వీడియో ఒక్కటే అనుకుంటారు. కన్సోల్‌లో మనం పట్టుకునే పిడుల కదలిక, రోగి పక్కనున్న రోబో చేతుల ప్రతి కీలు తిరిగిన కోణం, పరికరం కొన ఎక్కడుంది, ఎంత వేగంతో వెళుతోంది, దాని దవడ ఎంత తెరుచుకుంది, కెమెరాను ఎప్పుడు జరిపాం, క్లచ్ పెడల్ ఎన్నిసార్లు తొక్కాం, కాటరీ (వేడితో కోసి రక్తం ఆపే పరికరం) ఎంతసేపు వాడాం అన్నవన్నీ అంకెల రూపంలో ఉంటాయి. వీటితోపాటు రెండు కళ్లకు విడివిడిగా చూపే వీడియో ఉంటుంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు డావిన్సీ అనే సర్జరీ రోబో తయారీ సంస్థతో కలిసి 2014లో పరిశోధకులందరికీ అందుబాటులో పెట్టిన జిగ్‌సాస్ అనే సంకలనాన్ని చూస్తే ఇది స్పష్టంగా అర్థమవుతుంది. అందులో ఎనిమిది మంది సర్జన్లు కుట్టు వేయడం, ముడి వేయడం, రింగుల్లోంచి సూదిని దాటించడం అనే మూడు పనులను ఒక నమూనా మీద ఐదేసి సార్లు చేశారు. కదలికలకు సంబంధించిన 76 కొలతలు సెకనుకు 30 సార్లు చొప్పున నమోదయ్యాయి. ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోండి. ఆసుపత్రిలో వాడే యంత్రం నుంచి వీడియోను మనం తీసుకోగలం గానీ, కీళ్ల కదలికల రికార్డు తయారీ సంస్థతో ఒప్పందం లేనిదే మామూలుగా చేతికి రాదు.

ఇక ఇది చేతిని దిద్దుతుందా అంటే, నా చేతినే దిద్దింది. ప్రొస్టేట్ తీసేసిన తరువాత మూత్రాశయాన్ని మూత్రమార్గంతో కలిపి కుట్టాలి. గడియారం ముఖాన్ని ఊహించుకుంటే, అయిదు గంటల ముల్లు ఉండే చోట పడే కుట్టు నాకు ఎప్పుడూ ఆలస్యమయ్యేది. అది శరీర నిర్మాణం వల్ల వచ్చే కష్టమేనని రెండేళ్లపాటు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒక రోజు పది ఆపరేషన్ల వీడియోల నుంచి ఆ ఒక్క కుట్టు ముక్కలను మాత్రమే కత్తిరించి వరుసగా పెట్టి చూశాను. ప్రతిసారీ సూదిని దాని వంపులో సగం దగ్గర పట్టుకుని వెళ్లి, కణజాలం దగ్గర నిలిచిపోయి, వదిలి, మళ్లీ వెనకవైపు పట్టుకుని, మణికట్టు తిప్పి, మూడో ప్రయత్నంలో గుచ్చుతున్నాను. తప్పు మూత్రమార్గం దగ్గర లేదు, అంతకు నాలుగు సెకన్ల ముందు సూది పట్టుకున్న తీరులో ఉంది. ఒక్కో ఆపరేషన్‌ను విడిగా చూసినంతకాలం అది నా కంటికి ఆనలేదు.

ఆండ్రూ హంగ్ అనే యూరాలజిస్టు బృందం అమెరికాలో ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇటువంటిదే. కదలికల కొలతలకూ, ప్రొస్టేట్ ఆపరేషన్ అయిన రోగులు కోలుకునే తీరుకూ సంబంధం ఉందని వారు 2018 నుంచి ప్రచురిస్తూ వచ్చారు. 2023లో వెలువడిన వారి మరో పనిలో వీడియో ఒక్కదాన్నే చూసి, సూదిని పట్టుకోవడం, గుచ్చడం, బయటికి లాగడం అనే దశలను వేరుచేసి, ఏ పని ఎంత నేర్పుగా జరిగిందో అంచనా వేసే వ్యవస్థను చూపించారు. వీడియో ఒక్కటే చాలడం అన్నది మీకు ముఖ్యమైన విషయం, ఎందుకంటే వీడియో మీ దగ్గర కూడా ఉంది.

అయితే అంకెలను గుడ్డిగా నమ్మవద్దు. చేతులు తక్కువ దూరం కదిలితే నైపుణ్యం ఎక్కువని సిమ్యులేటర్ అంటుంది. అతుకులు బాగా పట్టేసిన పొత్తికడుపులో జాగ్రత్తగా, కొంచెం కొంచెంగా విడదీసే సర్జన్ చేతులు చాలా దూరం తిరుగుతాయి, అతడు నేర్పరి కాకపోడు. ఇంకొక లోటు బలం సంగతి. ఇప్పటిదాకా పోగైన రికార్డుల్లో అత్యధిక భాగం, కణజాలాన్ని ఎంత బలంతో లాగామో చెప్పలేని యంత్రాల నుంచి వచ్చినవే. 2024లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ 5 యంత్రంలో బలాన్ని కొలిచే పరికరాలు వచ్చాయి. అంతకు ముందు మేమందరం దారం సాగడాన్నీ, కణజాలం తెల్లబడడాన్నీ చూసి బలాన్ని ఊహించుకుంటూ నేర్చుకున్నవాళ్లమే.

జవాబు 2
(వైద్య చిత్రాల విశ్లేషణలో ఇంజనీరు, హైదరాబాదు, సొంత ఊరు రాయగడ)

పై జవాబులో డాక్టరు గారు చెప్పినది శిక్షణ వైపు. ఆపరేషన్ జరుగుతుండగా దారి చూపడం గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఈ రెండింటినీ ఒకటిగా కలిపి మాట్లాడడం వల్లే ప్రచారం ఎక్కువైపోతోందని నా అభిప్రాయం. ఆపరేషన్ పూర్తయ్యాక వీడియోను విశ్లేషించే ప్రోగ్రాముకు ముందూ వెనకా రెండూ కనిపిస్తాయి. పది నిమిషాల తరువాత ఏమి జరిగిందో చూసి, పది నిమిషాల ముందు ఏ దశలో ఉన్నారో తేల్చగలదు. ఆపరేషన్ మధ్యలో పనిచేయవలసిన ప్రోగ్రాముకు గతం తప్ప మరేమీ కనిపించదు, పైగా చెప్పవలసిన మాటను రెప్పపాటులో చెప్పాలి. ఒకే మోడల్‌కు (వీడియోల నుంచి నేర్చుకున్న ప్రోగ్రాముకు) ఈ రెండు పరిస్థితుల్లో వచ్చే ఫలితాలు వేరువేరుగా ఉంటాయి. పరిశోధన పత్రాలు చదివేటప్పుడు ఏ పరిస్థితిలో పరీక్షించారో ముందు వెతకండి.

దారి చూపడంలో కూడా మెట్లున్నాయి. అన్నిటికన్నా తేలికైనది, ఇప్పుడు ఆపరేషన్ ఏ దశలో ఉందో గుర్తించడం. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ బృందం తయారుచేసిన కోలెక్80 అనే సంకలనంలో 13 మంది సర్జన్లు చేసిన 80 లాప్రోస్కోపీ పిత్తాశయ ఆపరేషన్ల వీడియోలు ఉన్నాయి. వాటిని ఏడు దశలుగా గుర్తుపెట్టారు. 2016 నుంచి ఈ రంగంలో వచ్చిన పనిలో చాలా భాగం దాని మీదే నిలబడింది. ఇది రోబో డేటా కాదన్న సంగతి గమనించండి. అయినా రోబో వీడియోల మీద పనిచేసేవారికి కూడా ఇదే పునాది అయింది. అంతకన్నా కష్టమైన మెట్టు, ఎక్కడ కోయవచ్చు, ఎక్కడ కోయకూడదు అని తెర మీద రంగులతో చూపడం. గోనోగోనెట్ అనే పని 2022లో ప్రచురితమైంది. దాని కోసం 37 దేశాల నుంచి సేకరించిన 290 పిత్తాశయ ఆపరేషన్ల వీడియోల మీద, నిపుణులు సురక్షిత ప్రాంతాన్నీ ప్రమాద ప్రాంతాన్నీ గీసి ఇచ్చారు. అన్నిటికన్నా పై మెట్టు, "మీ మణికట్టును ఇటు తిప్పండి" అని చేతికే చెప్పడం. ఇది ప్రయోగశాలలు దాటి మామూలు థియేటర్లలోకి ఇంకా రాలేదు.

ఇప్పుడు అసలు భారం ఎక్కడుందో చూడండి. సెకనుకు 25 చిత్రాల చొప్పున ఒక గంట ఆపరేషన్ అంటే 90,000 చిత్రాలు. చిత్రాలు పోగేయడం కష్టం కాదు, వాటి మీద ఎవరో ఒక సర్జన్ కూర్చుని "ఇది సిస్టిక్ డక్ట్ (పిత్తాశయం నాళం), ఇది ప్రధాన పిత్తనాళం" అని గీయాలి. నేను ఒక ప్రాజెక్టులో ఇద్దరు అనుభవజ్ఞులైన సర్జన్లకు అవే చిత్రాలు విడివిడిగా ఇచ్చినప్పుడు, వారు గీసిన ప్రమాద రేఖలు చాలా చోట్ల ఒకదానిపై ఒకటి పడలేదు. మొదట నేను దాన్ని పొరపాటుగా భావించి సరిదిద్దబోయాను. అప్పుడు వారిద్దరూ ఒకే మాట చెప్పారు: నిలిచి ఉన్న చిత్రం చూసి తేల్చలేని చోట మేము థియేటర్‌లో అయితే పరికరంతో కొంచెం కదిపి చూస్తాం, మీరు మాకు కదిపే అవకాశం ఇవ్వలేదు అని. ఆ మాటతో నా పని తీరే మారిపోయింది. ఆ తరువాత నేను ఒక్కో చిత్రం కాకుండా పదేసి సెకన్ల ముక్కలు ఇస్తున్నాను. ఇద్దరూ ఏకీభవించని చోటును చెరిపివేయకుండా, అది సందేహమున్న చోటు అని మోడల్‌కు నేర్పిస్తున్నాను. తెలియనప్పుడు తెలియడం లేదని చెప్పలేని మోడల్‌ను థియేటర్‌లో పెట్టడం నాకు భయం.

మీరు థీసిస్ చేస్తే ఒక పొరపాటు మాత్రం చేయవద్దు. ఒకే రోగి వీడియోలోని చిత్రాల్లో కొన్నింటిని మోడల్‌కు నేర్పడానికీ, మిగతావాటిని పరీక్షించడానికీ పంచుకుంటే ఫలితాలు అద్భుతంగా వస్తాయి, కానీ అవి అబద్ధం. మోడల్ ఆ రోగి కడుపును బట్టీ పట్టిందంతే. రోగులనే రెండు గుంపులుగా విడదీయాలి. సర్జన్ నైపుణ్యం కొలిచే పని అయితే సర్జన్లను కూడా విడదీయాలి. జిగ్‌సాస్ మీద పనిచేసేవారు ఒక సర్జన్‌ను పూర్తిగా పక్కన పెట్టి, మిగతా ఏడుగురితో నేర్పి, ఆ పక్కన పెట్టిన సర్జన్ మీద పరీక్షించడం ఇందుకే.

చివరిగా, మన జిల్లాల సంగతి. రాయగడలో మా మేనత్తకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తెలిసిన తరువాత ఆపరేషన్ దాకా వచ్చేసరికి రెండేళ్లు గడిచాయి, మధ్యలో నొప్పి వచ్చినప్పుడల్లా ఇంజక్షన్‌తో సరిపెట్టుకున్నారు. అలా వాచి, గట్టిపడి, చుట్టూ అతుక్కుపోయిన పిత్తాశయాలు వేరే చోట తయారైన సంకలనాల్లో ఎన్ని ఉంటాయి? మోడల్ చూడని కడుపు ఎదురైనప్పుడు అది ఏ రంగు వేసినా నమ్మలేం. అందుకని మీ ఆసుపత్రి వీడియోలకు విలువ లేదని మీరు అనుకుంటున్నట్లయితే, ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి.

జవాబు 3
(ఆపరేషన్ థియేటర్ నర్సు, గుణుపురం)

పెద్ద చదువులు చదివినవారి మధ్య నేను మాట్లాడడం సరైనదేనా అని కొంచెం ఆలోచించి, చెప్పవలసినవి రెండు ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

నేను ఇంతకు ముందు రోబో ఉన్న ఒక ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేశాను. సర్జన్ గారు దూరంగా కన్సోల్‌లో కూర్చుంటారు, రోగి పక్కన నిలబడి పరికరాలు మార్చేది, లెన్స్ తుడిచేది, సూది లోపలికి అందించేది మేము. పరికరం మార్చడానికి మాకు అరనిమిషం పడితే, యంత్రం రికార్డులో అది సర్జన్ ఖాళీగా ఉన్న సమయంగా కనిపిస్తుంది. మేము సూదిని సరైన దిశలో అందిస్తే సర్జన్ ఒకేసారి పట్టుకుంటారు, తిరగబడి అందిస్తే రెండుసార్లు పట్టుకోవలసి వస్తుంది, ఆ రెండుసార్లూ సర్జన్ లెక్కలోనే పడతాయి. ఒకసారి ఈ పట్టికలు చూపించి ఒక చిన్న డాక్టరును అందరి ముందూ మందలించారు. ఆ రోజు సగం ఆలస్యం, నాళాలను మూసే క్లిప్పుల పెట్టె ఇంకో గదిలో ఉండిపోవడం వల్ల జరిగింది. ఆ విషయం ఏ రికార్డులోనూ లేదు. ఆ తరువాత ఆ డాక్టరు గారు రికార్డింగ్ అంటేనే ముఖం చిన్నబుచ్చుకునేవారు. నేర్పడానికి తీసుకున్న రికార్డును తప్పు పట్టడానికి వాడితే ఎవరూ ముందుకు రారు. డాక్టర్ గారూ, మీరు చేసే పనిలో ఈ రెండింటికీ మధ్య గోడ ఉండాలని ముందే రాతపూర్వకంగా పెట్టించుకోండి. మా థియేటర్ సిబ్బంది పేర్లు కాకపోయినా, మా పని కూడా ఏదో ఒక గడిలో నమోదయ్యేలా చూడండి.

రెండో విషయం, అంగీకారం. మా ఊరికి వచ్చేవారిలో ఒడియా వారు, తెలుగువారు, సవర వారు, కోందు వారు ఉంటారు. ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించే ముందు, స్ట్రెచర్ మీద పడుకున్న మనిషి చేతికి కాగితాలు ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటే, అందులో వీడియో సంగతి ఉందని వారికి ఎలా తెలుస్తుంది? ఒక సవర తల్లికి నేను కూర్చుని చెప్పాను: అమ్మా, లోపల కెమెరా పెట్టి తీసిన బొమ్మలను చిన్న డాక్టర్లకు పాఠంగా చూపిస్తారు, నీ ముఖం గానీ పేరు గానీ ఉండవు, వద్దంటే వైద్యంలో ఏమీ తగ్గదు అని, ఆమె మరిది చేత సవరలో చెప్పించాను. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఆ బొమ్మలు చూసి నేర్చుకున్న డాక్టరు మా ఊరికి వస్తాడా?" అని. ఆమె వేలిముద్ర వేసింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ముఖం ఉండదని మాట ఇస్తాం గానీ, లెన్స్ తుడవడానికి బయటికి తీసిన ప్రతిసారీ కెమెరా గదినంతా చిత్రిస్తుందని మరిచిపోకండి. రోగి ముఖం, మా ముఖాలు, గోడ మీద రాసిన పేర్ల పట్టిక అన్నీ పడతాయి. తెర మూలలో రోగి పేరు, నంబరు వచ్చే ఏర్పాటు ఉంటే దాన్ని రికార్డింగ్‌కు ముందే ఆపించాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం గురించి మాకు ఒక తరగతి పెట్టారు, అందులో నాకు బాగా గుర్తున్నది, సమాచారాన్ని ఏ పని కోసం అడిగామో ఆ పనికే వాడాలన్న మాట. వీడియోలను పెన్‌డ్రైవుల్లో వేసుకుని ఇళ్లకు పట్టుకుపోయే అలవాటు ఇప్పటికైనా మానాలి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నర్సు గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. అంగీకార పత్రాన్ని ఆపరేషన్ రోజున కాకుండా, రోగి వార్డులో చేరిన రోజునే బంధువుల సమక్షంలో వివరించేలా మార్చాలని నిశ్చయించుకున్నాను.

ఒక సందేహం మిగిలింది. మా దగ్గర సీనియర్ లేని రాత్రి కష్టమైన పిత్తాశయం ఎదురైతే, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉన్న నిపుణుడు అదే సమయంలో మా తెరను చూసి గీత గీసి చూపించడం గానీ, ఆయనే దూరం నుంచి చేయడం గానీ మనవంటి చోట సాధ్యమవుతుందా?

జవాబు 4
(విశ్రాంత సర్జన్, జయపురం)

బాబూ, దూరం నుంచి ఆపరేషన్ చేయడం కొత్త మాట కాదు. 2001 సెప్టెంబరు 7న జాక్ మారెస్కో అనే ఫ్రెంచి సర్జన్ న్యూయార్క్‌లో కూర్చుని, స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగికి పిత్తాశయం తీశారు. మన దేశంలో తయారైన ఎస్ఎస్ఐ మంత్ర రోబోతో 2025 జనవరిలో గురుగ్రామ్ నుంచి 286 కిలోమీటర్ల దూరంలోని జైపూర్‌లో ఉన్న రోగికి గుండె ఆపరేషన్‌లో సహాయం చేశారు, సంకేతం చేరడంలో జాప్యం 40 మిల్లీసెకన్లకు అటూఇటూగా ఉందని ప్రకటించారు. మీ ఊరికీ విశాఖకూ ఉన్న దూరం దాదాపు అంతే కాబట్టి నీకు ఆశ కలగడం సహజం. కానీ అక్కడ రోగి పక్కన కూడా ఒక పూర్తి బృందం నిలబడి ఉందని గుర్తుంచుకో. తీగ తెగితే కడుపు తెరిచి పని ముగించగలిగినవాడు బల్ల పక్కన ఉండి తీరాలి. ఆ మనిషిని తయారుచేయడమే మన జిల్లాల అవసరం. దూరం నుంచి తెర చూసి సలహా చెప్పడం మాత్రం ఇప్పుడే చేయదగిన పని, దానికి రోబో అక్కరలేదు. కానీ రాత్రి రెండింటికి అటువైపు ఎవరు ఫోను ఎత్తుతారన్నది ముందే పేరుతో సహా రాసి పెట్టుకోవాలి.

రంగులు వేసి చూపే ప్రోగ్రాముల మీద నాకు పై ఇద్దరికన్నా కొంచెం ఎక్కువ సంకోచం ఉంది. వాటి వల్ల గాయాలు తగ్గితే నాకన్నా సంతోషించేవాడు ఉండడు, ఎందుకంటే ప్రధాన పిత్తనాళం తెగి మా దగ్గరికి వచ్చిన ఒక ఇరవై ఆరేళ్ల అమ్మాయిని సాలూరు ఘాట్ దిగి విశాఖకు తీసుకువెళ్లిన అంబులెన్సులో నేనే కూర్చున్నాను. కానీ చేయి ఇంకా కుదరని కుర్రవాడు ఆకుపచ్చ రంగు కనిపించిందని కోయడం మొదలుపెడితే, కణజాలాన్ని చదవడం ఎప్పుడు నేర్చుకుంటాడు? అందుకని శిక్షణలో రంగు ముందు రాకూడదు, వెనక రావాలి. ముందు కుర్రవాడు తన గీత తాను గీయాలి, తరువాత నిపుణుడి గీత, ఆ తరువాత యంత్రం గీత చూడాలి. మూడూ కలవని చోటే పాఠం మొదలవుతుంది.

నీ థీసిస్‌కు నేనైతే ఇలా చెబుతాను. రోబో గురించి ఆలోచన పక్కన పెట్టు, స్ట్రాస్‌బర్గ్ 1995లో చెప్పిన భద్రతా దృశ్యాన్ని పట్టుకో. ఈ స్ట్రాస్‌బర్గ్ అమెరికన్ సర్జన్ పేరు, పైన వచ్చిన ఊరు కాదు. ఏ నిర్మాణానికీ క్లిప్ వేయకముందు మూడు సంగతులు తేలాలి: పిత్తాశయం మెడ దగ్గరి కాలో త్రికోణంలో కొవ్వు, పీచు పూర్తిగా తొలగాలి, పిత్తాశయం కింది మూడో వంతు కాలేయం మీద అది అతుక్కుని ఉండే చోటు నుంచి విడిపోయి ఉండాలి, పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండు నిర్మాణాలుగా కనిపించాలి. మొదటి క్లిప్‌కు ముందున్న రెండు నిమిషాల వీడియోను మాత్రమే ప్రతి ఆపరేషన్ నుంచి తీసుకో. ఇద్దరు సీనియర్లు విడివిడిగా ఆ మూడింటికీ ఉంది, లేదు, చెప్పలేను అని గుర్తు పెట్టాలి. నువ్వూ, నీ తోటి పీజీలూ కూడా గుర్తు పెట్టండి. ముందు సీనియర్లిద్దరిలో ఎంత ఏకీభావం ఉందో లెక్క కట్టు, అది తక్కువగా ఉంటే మిగతా లెక్కలకు అర్థం ఉండదు. తరువాత ప్రతి శనివారం, ఆ వారంలో కలవని ముక్కలు రెండు మాత్రం అందరూ కలిసి చూడండి. ఆరు నెలల తరువాత పీజీల గుర్తులు సీనియర్ల గుర్తులకు దగ్గరయ్యాయా లేదా అన్నది నీ ఫలితం. ఆ మూడూ తేలని కేసుల్లో ఏం చేశారో కూడా విడిగా రాయి: పిత్తాశయాన్ని పాక్షికంగా తీసి ఆపారా, కడుపు తెరిచారా, సీనియర్‌ను పిలిచారా. ఎక్కడ ఆగాలో నేర్పే వీడియోలు లోకంలో చాలా తక్కువ, అందరూ తమ అందమైన ఆపరేషన్లనే దాచుకుంటారు.

యంత్రం తనంతట తాను చేయడం గురించి ఎవరైనా అడుగుతారు కాబట్టి ఒక మాట. 2025 జులైలో జాన్స్ హాప్కిన్స్ బృందం, వీడియోలు చూసి నేర్చుకున్న రోబో చేత ఎనిమిది పంది పిత్తాశయాల మీద క్లిప్పులు వేసి కోసే భాగాన్ని చేయించి చూపింది. అవి శరీరం నుంచి వేరుచేసినవి, రక్తం కారేవి కావు. అది గొప్ప పనే, కానీ నీ రాత్రి డ్యూటీకి ఇంకా చాలా దూరం.

జవాబు 2 రాసినవారు

డాక్టరు గారు చెప్పిన క్రమాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. కుర్రవాడి గీత ముందు, యంత్రం గీత చివర. మూడు గీతలనూ విడివిడి పొరలుగా దాచే ఒక చిన్న ప్రోగ్రాము నా దగ్గర ఉంది, ఇంటర్నెట్ లేకుండా మామూలు కంప్యూటర్ మీదే నడుస్తుంది. వీడియోలు ఆసుపత్రి దాటి రావలసిన పనిలేదు. లెన్స్ బయటికి వచ్చిన క్షణాలను గుర్తించి ఆ భాగాన్ని నల్లగా చేసే సదుపాయం కూడా అందులో కలుపుతాను, నర్సు గారు చెప్పిన తరువాతే అది లేదని గమనించాను.

ప్రశ్న అడిగినవారు

థీసిస్ ప్రతిపాదనను మొదటి క్లిప్‌కు ముందున్న రెండు నిమిషాలకే పరిమితం చేసి, నిన్న మా గైడు గారికి చూపించాను. ఆయన ఒకే ఒక్క మార్పు చెప్పారు, "చెప్పలేను" అని గుర్తు పెట్టినవారు కారణాన్ని ఒక్క వాక్యంలో రాయాలని. ఎథిక్స్ కమిటీ సమావేశం వచ్చే నెల మొదటి వారంలో ఉంది. అంగీకార పత్రం ఒడియా, తెలుగు ప్రతులు సిద్ధమయ్యాయి. గుణుపురం నర్సు గారూ, సవరలో చదివి వినిపించడానికి వీలైన ప్రతి ఒకటి కావాలి. మీకు తెలిసిన సవర మాట్లాడేవారికి ఒకసారి వినిపించి చూస్తారా? ముఖ్యంగా, వద్దంటే వైద్యంలో ఏమీ తగ్గదు అన్న వాక్యం వారికి ఎలా వినిపిస్తుందో తెలుసుకోవాలి.

జవాబు 3 రాసినవారు

తప్పకుండా డాక్టర్ గారూ. ఆ తల్లి మరిది ప్రతి గురువారం సంతకు వస్తాడు. కాగితం పంపండి, కూర్చోబెట్టి చదివిస్తాను, అతను ఎక్కడ ఆగాడో అక్కడ గీత పెట్టి పంపుతాను.